కంబళి మడిచిన తర్వాత

రాయచెర్లు,
ఆరుద్ర కార్తె. మబ్బే గానీ వాన లేదు.

కిట్టప్పా,

అక్క కాటమ్మ రాస్తున్నది. బాగున్నావా అని అడగను. తుమకూరులో ఫ్యాను కింద కూర్చున్నవాడు బాగుండక ఏమవుతాడు! నీ భార్య సవిత, పాప ధనుశ్రీ ఎలా ఉన్నారో మాత్రం రాయి.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. పోయిన నెల చిన్నాయన మీద నేను ఫోనులో అరిచిన అరుపులన్నీ ఆయన కొడుకు హనుమేశ్ పట్టి, పెన్‌డ్రైవులో పెట్టి కోర్టుకు ఇచ్చాడు. "చూడండి, ముసలాయన్ని ఎట్లా బెదిరిస్తోందో" అని. అప్పటినుంచి ఈ తగాదా గురించి ఫోనులో నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అమ్మమ్మ ఊళ్ళో అయ్యవారు మనిద్దరికీ వేళ్ళ మీద కొట్టి నేర్పిన బడి తెలుగు ఉంది కదా, ఇన్నాళ్ళకు దానికి పని పడింది.

సంగతి విను. పేరులో పెద్ద, వరసకు చిన్న అయిన మన పెద్దతిమ్మప్ప చిన్నాయన నా మీద దావా వేశాడు. గుట్ట కింది చేను తనదట! కోర్టు అమీనా సమన్లు తెస్తే నేను ముట్టలేదు. ఆయన దాన్ని తలుపుకు అంటించి పోయాడు. వాయిదా రోజున నేను పోలేదు కూడా. ఎందుకు పోవాలి? నాన్న పోయాక పంపకం జరిగిన పొద్దు నీకు గుర్తు లేదా? చిన్నాయనే తన నల్ల కంబళి పరిచాడు. నువ్వూ నేనూ దాని మీద ఎదురెదురుగా కూర్చున్నాం. కౌలు డబ్బు వస్తుందని సోలారు కంపెనీ కంచె లోపలికి పోయిన నేలను నువ్వు కోరుకున్నావు. నేను గుట్ట కింది చేనూ గొర్రెల దొడ్డీ తీసుకున్నాను. చిన్నవాడివి కాబట్టి నువ్వే కంబళి మడిచి చిన్నాయన భుజాన వేశావు. మడిచిన కంబళిని అదే తగాదాకు మళ్ళీ పరవకూడదు. పరిచినవాడి మందను ఎవరూ తమ మందతో కలవనివ్వరు. మన తాతల నాటినుంచి అంతే. నేను కోర్టుకు పోయి నిలబడితే నా చేతులతో నేనే దాన్ని విప్పినట్టు కాదా?

అట్లా అనుకునే పోలేదు. నేను పోకపోయేసరికి జడ్జి నా మాట వినకుండానే స్టే ఇచ్చాడు. ఇప్పుడు నా చేనులో నేను కాలు పెట్టకూడదు. విత్తనం చెనక్కాయ ఒలిచి మూటగట్టి పెట్టాను. ఊరి చుట్టూ కంచె వచ్చాక గొర్రెలకు మేపు లేదని నీకూ తెలుసు. ఆ చేనొక్కటే దిక్కు. అది చెయ్యి జారితే మందను సంతకు తోలాల్సిందే. మీ బావ పోయాక నన్ను నిలబెట్టింది ఆ మందే కిట్టప్పా. అది పోతే నేను ఒకరి ప్యానెళ్ళు కడిగే కూలికి పోవాలి.

నువ్వు కోర్టు పనిలో ఉన్నవాడివి. ఏం చేయాలో చెప్పు.

అక్క

*

తుమకూరు,
జూలై 6

అక్కకు,

నీ ఉత్తరం చదివిన తర్వాత అన్నం సయించలేదు. చిన్నాయనకు ఈ వయసులో ఇదేం పోయేకాలం? మనల్ని భుజాన మోసిన మనిషేనా ఈయన? సవిత కూడా ఒకటే బాధపడింది.

అక్కా, కోర్టుకు పోకపోవడం మాత్రం నీ తప్పు. నేను వకీళ్ళ దగ్గర గుమాస్తాగా ఇన్నేళ్ళు చేశాను. కంబళి సంగతి కోర్టుకు తెలియదు. నువ్వు రాలేదంటే నీ దగ్గర జవాబు లేదని అనుకుంటుంది, అంతే. పావగడలోనే ఎవరినైనా వకీలును పెట్టుకుని వెంటనే స్టే తీసేయమని అర్జీ వేయించు.

నాకు రావాలనే ఉంది. కానీ నేను ముందుకొస్తే అక్కాతమ్ముళ్ళు కలిసి ముసలాయన్ని తొక్కేస్తున్నారని వాళ్ళ వకీలు ఏడుస్తాడు. అందుకని నా పేరు ఎక్కడా ఎత్తకు. వెనకనుంచి నేను చూసుకుంటాను. మీ వకీలు ఏం చెప్పినా, ఏ కాగితం వేసినా, ఏం చేయబోతున్నా నాకు వివరంగా రాస్తూ ఉండు. ఎక్కడ పొరపాటు ఉందో నేను చెబుతాను.

నువ్వు ధైర్యంగా ఉండు. నేను ఉన్నాను కదా.

నీ కిట్టు

*

రాయచెర్లు,
మఖ కార్తె

కిట్టప్పా,

నీ నోట్లో చక్కెర పొయ్య! స్టే తీసేశారు.

నేత్రావతి అని ఒక వకీలమ్మను పెట్టుకున్నాను. చిన్న పిల్ల. నల్లకోటు ఆమెకంటే పెద్దదిగా ఉంది. చూసి గుండె జారింది గానీ, నోరు విప్పితే మాత్రం మన రంగక్క అత్త గయ్యాళితనం ఎందుకూ పనికిరాదు. "వాది దగ్గర ఒక్క పత్రం లేదు, భూమి పహణీలో పేరు లేదు, పంపకం అయినప్పుడు పంచింది ఆయనే" అని గడగడా చెప్పింది. జడ్జి దావానే కొట్టేశాడు. బయటికొచ్చాక నేను చిన్నాయన మొహంలోకి చూశాను. ఆయన తల వంచుకుని ఆటో ఎక్కాడు. ఆ కంబళి భుజం మీదే ఉంది! దాన్ని మోస్తూ ఇంత పని ఎట్లా చేశాడా అని ఇంకా అర్థం కావడం లేదు.

చెనక్కాయకు అదను దాటిపోయింది. ఉలవలు చల్లాను. దున్నించే ముందురోజు, నాగలికి అడ్డమొస్తుందని అవ్వ సమాధి రాయిని గట్టు మీదికి జరిపాను. దండం పెట్టి, టెంకాయ కొట్టి, నేనే గడ్డపారతో జరిపాను. ఊళ్ళో ఎవరైనా వింటే అపచారం అంటారని ఎవరి చెవినా వేయలేదు. నీకు చెబితే అవ్వకు చెప్పినట్టే.

విత్తకముందు గొర్రెలను రెండు రాత్రులు చేనులోనే మంద కట్టాను. దొడ్డి వాసన గాలికి వస్తుంటే కడుపు నిండింది. ఉలవలు రాగానే ఒక మూట పంపిస్తాను, సవితను చారు కాయమను.

అక్క

*

తుమకూరు,
సెప్టెంబరు 2

అక్కకు,

చాలా సంతోషం. నేను చెప్పినట్టు చేశావు కాబట్టే ఇంత తొందరగా తేలింది.

అయినా నీకు ఒక మాట చెబుతాను, కోప్పడకు. చిన్నాయన ఇంతటితో ఊరుకునే రకం కాదు. కేసు కొట్టేస్తే ఇంకోటి వేస్తాడు. కోర్టు తలుపు తట్టడం ఎవరికైనా హక్కే, ఎవరూ కాదనలేరు. నువ్వు ఒక్కదానివి, ఎన్నిసార్లని పావగడ బస్సు ఎక్కుతావు? రేపు సోలారు రెండో విడత గుట్ట కిందికి కూడా వస్తుందని అంటున్నారు. అప్పుడు ఆ చేను ఎట్లాగూ కంచెలోకే పోతుంది. ఇప్పుడే దాన్ని నా పేరుకు మార్చేస్తే, తలనొప్పి అంతా నేను పడతాను, నువ్వు హాయిగా ఉండవచ్చు. ఊరికే ఆలోచించు.

వకీలమ్మ వేసిన జవాబు కాపీ ఒకటి నాకు పంపు. చూసి పెట్టుకుంటాను.

కిట్టు

*

రాయచెర్లు,
మాఘ మాసం, ఎండ అప్పుడే మొదలైంది

కిట్టప్పా,

నీది నల్ల నాలుక రా. నువ్వు అన్నట్టే అయింది.

ఉలవ కోతకు వచ్చిన వారంలోనే రెండో దావా. ఈసారి చేను తనది కాదట, చేనులోంచి తన బండి బాట పోతుందట! చిన్నాయనకు ఎద్దులు పోయి ఎన్నేళ్ళయింది? అది తేలేలోగా మళ్ళీ స్టే. ఉలవ కళ్ళ ముందే ఎండి నేల రాలింది. గట్టు మీద నిలబడి చూశాను గానీ ఒక్క గింజ ఏరుకోలేకపోయాను. నీకు మూట పంపలేదని సవిత ఏమనుకుందో.

చివరికి అదీ కొట్టేశారు. సంక్రాంతి దాటి ఊపిరి తీసుకున్నానో లేదో మూడో దావా వచ్చింది. నేను వాళ్ళ అమ్మ సమాధి రాయి పెకలించి పారేశానట. నేను చేనులో పని చేస్తే వంశానికి అపచారమట. కిట్టప్పా, రాయి సంగతి నీకు తప్ప పురుగుక్కూడా తెలియదు. మొదటి దావాలో నేత్రావతమ్మ ఎత్తిన తప్పులు రెండోదాంట్లో లేవు. రెండోదాంట్లోవి మూడోదాంట్లో లేవు. మన ఇంట్లో కూర్చుని రాసినట్టు రాస్తున్నారు. నీకు వేసిన కవర్లు పోస్టులో ఎవరైనా విప్పుతున్నారేమో ఒకసారి చూడు. జిగురు సరిగ్గా ఉందా? ఈ కవరుకు సంగటి మెతుకు కూడా రుద్ది అంటిస్తున్నాను.

మంద సగానికి వచ్చింది. మేపు లేక అమ్మాను. సంతలో పెద్ద గొర్రెను తోలుతుంటే అది నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"ఈ దావాలకు అంతు లేదా తల్లీ?" అని నేత్రావతమ్మను అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. మళ్ళీ మళ్ళీ వేసేవాణ్ణి వేయకుండా ఆపే అధికారం తాలూకా కోర్టుకు లేదట. ఉన్నవి రెండే దారులు. ఒకటి కేవియట్. మన మీద ఎవరు కేసు వేస్తారని భయమో వాళ్ళ పేరు రాసి ముందుగానే కోర్టులో వేసి పెట్టాలి, వాళ్ళకు రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి. అప్పుడు మన మాట వినకుండా స్టే ఇవ్వరు. తొంభై రోజులకు దాని ప్రాణం పోతుంది, మళ్ళీ వేసుకోవాలి. రెండోది, జడ్జి తలచుకుంటే దావా నడవక ముందే వాదిని ఎదుటికి పిలిచి నేరుగా ప్రశ్నలు అడగొచ్చట. అబద్ధమని తేలితే గడపలోనే తోసేయొచ్చు. "చాలామంది జడ్జిలు అడగరు, ఈయన అడుగుతాడనే అనుకుంటున్నా" అంది. చిన్నాయన్ని పిలిపించమని అర్జీ వేస్తున్నాం.

ఏమంటావు?

అక్క

*

తుమకూరు,
ఫిబ్రవరి 20

అక్కకు,

ఆ అర్జీ వేయవద్దు. వేసి ఉంటే వెనక్కు తీసుకో.

కోపంలో నీకు కనబడడం లేదు గానీ, ఆలోచించు. చిన్నాయన వయసెంత? మోకాళ్ళు పని చేయవు, చూపు ఆనదు. అట్లాంటి మనిషిని పదిమందిలో నిలబెట్టి దొంగను అడిగినట్టు అడిగిస్తావా? అక్కడే ఏమైనా అయితే ఆ పాపం ఎవరికి? నాన్న ఉంటే ఒప్పుకునేవాడా? నాన్న తమ్ముడు అక్కా ఆయన. తమ్ముడంటే ఏమిటో నీకు చెప్పాలా?

నీకు చట్టం తెలియదు, ఆ పిల్ల వకీలుకు అనుభవం లేదు. ఎదురు వకీలు తిప్పి తిప్పి అడిగితే నువ్వే ఇరుక్కుంటావు. చిన్నాయన పేరు రాసి కేవియట్ వేసుకో, అది చాలు. నేను అన్నీ చూసే చెబుతున్నాను.

కవర్లు ఎవరూ విప్పడం లేదు. జిగురు బాగానే ఉంది.

కిట్టు

*

రాయచెర్లు,
ఉగాది ముందు

కృష్ణకుమార్,

నీ ఉత్తరం అందేసరికే అర్జీ వేసేశాం. వెనక్కు తీసుకుందామని కూడా అనుకున్నాను. "నాన్న తమ్ముడు" అన్నావు చూడు, ఆ మాటకు కరిగాను. నేత్రావతమ్మే వినలేదు. ఆమె పుణ్యాన ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న వాయిదా. చిన్నాయనకు ఒంట్లో బాగా లేదని వాళ్ళ వకీలు చెప్పాడు. "ఆటోలో తీసుకురండి, రాకపోతే దావా పోతుంది" అన్నాడు జడ్జి. మధ్యాహ్నానికి హనుమేశ్ తండ్రిని రెక్క పట్టుకుని తెచ్చాడు. బోను ఎక్కలేకపోయాడు. జడ్జి మంచివాడు. "అజ్జా, కూర్చునే చెప్పు" అన్నాడు కన్నడంలో, తాతను పిలిచినట్టు. దఫేదారు స్టూలు తెచ్చి వేశాడు. చిన్నాయన ఎప్పుడు స్టూలు మీద కూర్చున్నాడని? భుజం మీది కంబళి తీసి, నేల మీద పరిచి, దాని మీద చతికిలబడ్డాడు. అలవాటు. ఆయన ఎక్కడ కూర్చున్నా అంతే, నీకూ తెలుసు. తెలిసీ మరిచావు. తుమకూరు కుర్చీలు మరిపించాయి.

నిజమే చెబుతానని అప్పటికే ప్రమాణం చేయించారు, గొణిగేశాడు. అది ఆయనకు ఒక లెక్క కాదు. జడ్జి అడిగాడు, "ఈ దావా నువ్వే వేశావా?" అని. చిన్నాయన కింద చూశాడు. చేత్తో కంబళి తడిమాడు. తను దేని మీద కూర్చున్నాడో అప్పుడు తెలిసినట్టుంది. లేవబోయాడు, మోకాళ్ళు సాయం రాలేదు.

"స్వామీ," అన్నాడు, "దీని మీద కూసోని అబద్ధం చెప్పేకి నాతో కాదు. ఆ చేను నాది కాదు. కాటమ్మదే. నేనే పంచి ఇచ్చినా."

వాళ్ళ వకీలు లేచి ఏదో అనబోతే జడ్జి కూర్చోమన్నాడు. "మరి దావా ఎందుకు వేశావు?"

"నేనేడ ఏసినా స్వామీ! కిట్టప్ప కాయితం తెచ్చినాడు, ఏలిముద్ర ఏయమన్నాడు, ఏసినా. మా హనుమేశుకి సోలార్లో వాచ్‌మెన్ పని ఇప్పించింది వాడే. ఏయకుంటే పని పోతాదన్నాడు."

"ఎవరా కిట్టప్ప?"

"ఇదో, ఈయమ్మ తమ్ముడు. తుమకూర్లో ఉండాడు."

"సమాధి రాయి పీకేశారని రాశావే, ఎవరు చూశారు?"

"ఏ రాయి స్వామీ?" అన్నాడు చిన్నాయన.

నేను ఏం చేశానో చెప్పనా? లేచి అరిచాను. "అబద్ధం! మా తమ్ముడు అట్లాంటోడు కాదు! ఎవురో చెప్పిస్తాండారు!" అని. కోర్టు హాలంతా నా వైపు తిరిగింది. నేత్రావతమ్మ నా చెయ్యి పట్టి లాగుతున్నా కూర్చోలేదు. అంతమందిలో నీ తరఫున మాట్లాడింది నేనొక్కదాన్నే రా.

చిన్నాయన నన్ను చూశాడు. కోపంగా కాదు. కంబళి మీద కొంచెం పక్కకు జరిగి, చోటు చేసి, చేత్తో తట్టాడు. "రామ్మా, కాటమ్మా. ఈడ కూసోని చెప్పు, వాడు అట్లాంటోడు కాదని" అన్నాడు.

నేను పోలేదు. నాలుగడుగుల దూరం, పోలేకపోయాను. "నా పేరు ఎక్కడా ఎత్తకు" అన్నావు. "వివరంగా రాయి" అన్నావు. "కాపీ పంపు" అన్నావు. "జిగురు బాగానే ఉంది" అన్నావు. అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. నా బెంచీ మీదే కూర్చున్నాను.

దావా తోసేశాడు. తప్పుడు దావా అని రాసి, చట్టం ఇచ్చినంత మేర ఖర్చు కూడా వేశాడు. నేను దండం పెట్టి అడిగాను, "ఇంక ఏయకుండా ఆపండి స్వామీ" అని. "ఆ అధికారం ఈ కుర్చీకి లేదమ్మా. వచ్చింది అబద్ధమైతే తోసేయగలను. వేసే చేతిని పట్టుకోలేను" అన్నాడు. ఆయన మొహంలో కూడా బాధే ఉంది.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పు. నువ్వు గుమాస్తావు కదా. దారి చెబుతానన్నావు కదా.

కాటమ్మ

*

తుమకూరు,
ఏప్రిల్ 4

అక్కా,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపానో నీకు తెలియదు.

చిన్నాయన చెప్పిందంతా నిజం కాదు. పని పోతుందని నేను బెదిరించలేదు, అట్లా ఆయన అర్థం చేసుకున్నాడు. నేను చేసింది నీ మంచికే. రెండో విడత పటం నేను కళ్ళారా చూశాను. గుట్ట కింది చేను అందులో ఉంది. నీ పేరున ఉంటే నువ్వు చస్తే సంతకం పెట్టవు, గొర్రెలు గొర్రెలు అంటావు. నా చేతికి వస్తే కౌలులో నీకు సగం ఇచ్చేవాణ్ణే. ఒట్టు. ధనుశ్రీని పెద్ద కాలేజీలో చేర్చాలి. పంపకంలో తొందరపడి నేను తీసుకున్న నేలకు ఇన్నేళ్ళూ అదే కౌలు, పెరుగుదల లేదు. నాకూ కష్టాలు ఉన్నాయి అక్కా, నీకు ఎప్పుడూ చెప్పుకోలేదు.

చట్టప్రకారం చూస్తే దావా వేయించడం నేరం కాదు. కానీ మనం చట్టం దాకా ఎందుకు? చిన్నాయనతో చెప్పి కంబళి పరిపించు. నేను వస్తాను. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. మన మనుషుల మధ్య కోర్టు వద్దు.

నువ్వు నన్ను కృష్ణకుమార్ అని పిలిచావు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పిలవలేదు.

కిట్టు

*

రాయచెర్లు,
ఏప్రిల్ 15

కృష్ణకుమార్‌కు,

నువ్వు రాసేట్టే తారీకు వేసి రాస్తున్నాను. ఇకమీద నీకు రాసేవాటికి తారీకులు కావాలి.

నా మంచికే అన్నావు. నా ఉలవలు రాలిపోయింది నా మంచికే. నా మంద సంతకు పోయింది నా మంచికే. ఒక్కసారి గుమ్మంలోకి వచ్చి, "అక్కా, నాకు చేను కావాలి, పాప చదువుకు ఇబ్బందిగా ఉండాది" అని నోరు తెరిచి అడిగి ఉంటే ఏమయ్యేది? తిట్టేదాన్ని. రెండు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని. ఆ తర్వాత ఇచ్చేదాన్ని రా! సగం కాదు, గట్టుతో సహా ఇచ్చేదాన్ని. నిన్ను చంకన ఎత్తుకుని మంద వెంట తిరిగినదాన్ని. ఇప్పుడు ఒక గడ్డిపోచ కూడా ఇవ్వను.

నేను చెప్పిన ప్రతి బాధనూ నువ్వు ఇంకో దావాకు వాడుకున్నావు. అవ్వ రాయి సంగతి నీకు చెబితే అవ్వకు చెప్పినట్టే అనుకున్నాను. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ మండుతోంది. చేను కాదు.

కంబళి పరిపించమన్నావు. మడిచింది ఎవరు? నీ చేతులే. చిన్నాయన నిన్న వచ్చాడు. గడప బయటే నిలబడి, "హనుమేశు పని పోతే పోనీలేమ్మా, నీ మందలో నా నాలుగు గొర్రెల్ని కలవనిస్తావా?" అని అడిగాడు. కలవనిచ్చాను. ఆయన కంబళి మీద కూర్చుని నిజం చెప్పాడు. నువ్వు కంబళి మడిచి అబద్ధం ఆడావు. నీకోసం దాన్ని మళ్ళీ పరవడం కుదరదు. ఎవరి మందలోకి నిన్ను రానిస్తారో వాళ్ళను అడుగు.

మళ్ళీ దావా వేయవని నేను నమ్మను. ఎవరి వేలిముద్రతోనైనా వేస్తావు. అందుకని ఇవాళ పావగడ పోయి కేవియట్ వేశాను. చిన్నాయన పేరుతో వేసుకో చాలు అని నువ్వు ఎందుకు చెప్పావో ఇప్పుడు తెలిసింది. ఎవరు వేస్తారని భయమో వాళ్ళ పేరు రాయాలి కదా. నేత్రావతమ్మ పెన్ను పట్టుకుని, "ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగింది. ఆమెకు తెలుసు. నా నోటితో చెప్పించాలని చూసింది. ఆమె టీ తెప్పించింది. అది చల్లారాక చెప్పాను.

అది తొంభై రోజులే బతుకుతుంది. తీరగానే మళ్ళీ వేస్తాను, అది తీరితే మళ్ళీ. వేసిన ప్రతిసారీ నీకు రిజిస్టరు పోస్టులో నోటీసు వస్తుంది. ఇకమీద నా దగ్గరినుంచి నీకు వచ్చే ఉత్తరాలు అవే. మొదటిది ఇదే వారంలో అందుతుంది. నేను బతికి ఉన్నానా లేదా అని తెలుసుకోవాలంటే వాటిని చూసుకో. వేసవి పోయి ఆరుద్ర రాగానే నా చేనులో చెనక్కాయ విత్తుతాను.

కాటమ్మ

*

తుమకూరు,
ఏప్రిల్ 27

అక్కా,

నోటీసు వచ్చింది. పోస్టుమ్యాను తెచ్చినప్పుడు నేను ఇంట్లో లేను, ధనుశ్రీ సంతకం పెట్టింది. అత్త ఉత్తరం అని పరిగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చింది. చదవమంది. ఏం చదవను?

నువ్వు నోటీసులు పంపు, వద్దనను. అది నీ హక్కు. అదే కవరులో ఒక చిన్న చీటీ పెట్టు. రెండు మాటలు. తిట్టినా సరే. వానలు పడ్డాయా, గొర్రెలు ఈనాయా, ఏదో ఒకటి. చిన్నప్పుడు అయ్యవారు కొడితే నా పలకను కూడా నువ్వే రాసిచ్చేదానివి, గుర్తుందా?

కిట్టు

*

రిజిస్టరు పోస్టు, రసీదు కార్డుతో

పావగడ,
జూలై 14

శ్రీ కృష్ణకుమార్ గారికి,
తుమకూరు.

విషయం: కేవియట్ నోటీసు (రెండవది)

ఇందుమూలంగా తమకు తెలియజేయడమేమనగా, పావగడ తాలూకా రాయచెర్లు గ్రామంలోని గుట్ట కింది చేను విషయంలో తాము గానీ, తమ తరఫున ఇతరులు గానీ నాపై దావా వేసి మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చునని భావిస్తున్నాను. సదరు భూమి నా స్వాధీన అనుభవంలో ఉంది. ప్రస్తుతం అందులో చెనక్కాయ పంట ఉంది.

మొదటి కేవియట్ గడువు ఈ దినంతో ముగుస్తున్నందున తిరిగి దాఖలు చేసుకున్నాను. దాని ప్రతిని జతపరిచాను. తాము అటువంటి దావా వేయదలచిన పక్షంలో నాకు ముందుగా నోటీసు ఇవ్వవలెను. నా మాట వినకుండా ఏ ఉత్తర్వూ ఇవ్వరాదని కోర్టువారిని ప్రార్థించాను.

జతపరచినవి: కేవియట్ ప్రతి ఒకటి. వేరే ఏమీ లేవు.

ఇట్లు,
కాటమ్మ